కెప్టెన్ జేమ్స్ కుక్

ప్రపంచ పటమును విప్పి దక్షిణార్ధగోళమువైపు చూచినచో, పసిఫిక్ మహాసముద్రపు పడమటి అంచున రెండు దేశములు కనిపించును. ఒకటి ఆస్ట్రేలియా. అది మన భారతదేశమునకు రెండు రెట్లకు మించిన వైశాల్యము గలది. రెండవది న్యూజిలాండు. అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములను రెండింటిని కలిపినంత మాత్రమే. వీని నడుమ టాస్మన్ సముద్రము సుమారు 2,000 కిలోమీటర్ల వెడల్పున వ్యాపించియున్నది. రెండును నేడు సంపన్న దేశములు. రెండింటను జనులు ఎక్కువగా ఇంగ్లీషు మాటాడుదురు. దూరమునుండి చూచువారికి ఇవి కవలపిల్లలవలె తోచును. కాని నేలలోను, జనులలోను, చరిత్రలోను వీనికి గల భేదము మిక్కిలి గొప్పది. 250 సంవత్సరములకు పూర్వము ఒకే నావికుడు, ఒకే ఓడపై, ఒక సంవత్సరము తిరుగకముందే ఈ రెండు దేశముల తీరములను చూచి పటములు గీచెను. అతడే కెప్టెన్ జేమ్స్ కుక్. అతని జీవితమును తెలిసికొనినచో ఈ రెండు దేశముల స్వరూపము కూడ మనకు కొంతవరకు బోధపడును.

జేమ్స్ కుక్ 1728వ సంవత్సరమున ఇంగ్లండు ఉత్తరభాగములోని యార్క్‌షైరు మండలమున మార్టన్ అను పల్లెలో జన్మించెను. అతని తండ్రి పరుల పొలములలో పనిచేసి పొట్టపోసికొను కూలివాడు. వారి నివాసము ఒక చిన్న మట్టియిల్లు. బాలుని చురుకుదనమును గమనించిన భూస్వామి యొకడు బడిజీతము తాను చెల్లించి అతనిని చదివించెను. చదువుట, వ్రాయుట, లెక్కలు మాత్రము అక్కడ నేర్చుకొని, కుక్ పదునారేండ్ల ప్రాయమున సముద్రపుటొడ్డునగల స్టెయిత్స్ అను గ్రామములో ఒక పచారి దుకాణమున పనికి కుదిరెను. దుకాణపు వాకిట నిలిచి చూచినంతనే సముద్రము కనిపించెడిది. తూకపురాళ్ల నడుమ అతని మనస్సు నిలువలేదు. ఏడాదిన్నర గడచునప్పటికి దుకాణము విడిచి, విట్బీ రేవున బొగ్గు ఓడల యజమానులైన వాకర్ సోదరులవద్ద పని నేర్చుకొనుటకు చేరెను.

ఇంగ్లండు ఈశాన్య తీరమునుండి లండను నగరమునకు బొగ్గు చేరవేయుట ఆ ఓడల పని. ఆ దారిలో ఇసుకతిప్పలు మెండు. అవి ఏటేట తావులు మారుచుండును. పొగమంచు క్రమ్మినచో ఎదుటనున్నది కానరాదు. సీసపు గుండును త్రాటికి కట్టి నీటిలోనికి జారవిడిచి, లోతును కొలుచుకొనుచు ముందునకు సాగవలెను. ఒక్క కొలత తప్పినను ఓడ నేలకు తగులును. ఈ కఠినమైన విద్యాలయములో కుక్ నావికుడయ్యెను. చలికాలమున ఓడలు రేవునందు నిలిచియున్నపుడు గణితమును, నౌకాశాస్త్రమును, ఖగోళశాస్త్రమును స్వయముగా అభ్యసించెను. ఏ వస్తువునైనను కొలిచి చూచినగాని నమ్మరాదను అలవాటు అతనికి ఇక్కడనే అబ్బెను. ఆ అలవాటు తుదివరకు అతనిని విడువలేదు.

1755వ సంవత్సరమున యజమానులు అతనికి ఒక ఓడపై నాయకత్వము ఇవ్వజూపిరి. కూలివాని కుమారునకు అది గొప్ప పదవియే. అయినను కుక్ దానిని కాదని, బ్రిటిషు నౌకాదళమున సామాన్య నావికుడుగా చేరెను. ఇరువదియారేండ్ల వయస్సున మరల క్రింది మెట్టునుండి ఆరంభించుట చూచి పలువురు ఆశ్చర్యపడియుందురు. కాని రెండేండ్లు గడచునప్పటికి అతడు పరీక్షయందు ఉత్తీర్ణుడై, ఓడను నడిపించు బాధ్యతగల ఉద్యోగి అయ్యెను. కెనడాలో ఫ్రెంచివారితో యుద్ధము జరుగుచుండగా, శామ్యూల్ హాలండ్ అను సైనికాధికారివద్ద నేలను కొలిచి పటము గీయు విధానమును నేర్చుకొనెను. సెయింట్ లారెన్సు నదీమార్గమును కొలిచిన వారిలో అతడొకడు. తరువాత 1763 మొదలుకొని 1767 వరకు న్యూఫౌండ్‌లాండు ద్వీపపు తీరమును సర్వేచేసి, అంతకుముందు ఎవరును గీయనంత నిర్దుష్టమైన పటములను సిద్ధపరచెను. ఈ నడుమ 1762వ సంవత్సరమున ఎలిజబెత్ బాట్స్ అను యువతిని వివాహమాడెను.

ఆ కాలమున శాస్త్రజ్ఞులు ఒక అరుదైన ఘటనకై ఎదురుచూచుచుండిరి. 1769వ సంవత్సరము జూన్ 3వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడువనుండెను. దానిని భూమిపై వేర్వేరు తావులనుండి గమనించినచో, భూమికిని సూర్యునకును గల దూరమును లెక్కింపవచ్చునని వారి ఆశ. పసిఫిక్ సముద్రములోని తహితి ద్వీపము అందుకు తగిన స్థలముగా నిర్ణయింపబడెను. ఆ యాత్రకు నాయకునిగా కుక్ ఎన్నుకొనబడెను. అతనికి లభించిన ఓడ పేరు ఎండెవర్. అది విట్బీలో నిర్మింపబడిన పాత బొగ్గు ఓడయే. దాని అడుగు బల్లపరుపుగా నుండుటవలన లోతులేని నీటిలోను పోగలదు, అవసరమైనపుడు ఒడ్డునకు లాగి బాగుచేసికొనవచ్చును. 1768వ సంవత్సరము ఆగష్టు 26వ తేదీన, 94 మందితో ఆ ఓడ ప్లిమత్ రేవును విడిచెను. జోసెఫ్ బ్యాంక్స్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, సిడ్నీ పార్కిన్సన్ అను చిత్రకారుడు, చార్లెస్ గ్రీన్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు వారిలో నుండిరి.

తహితిలో పని ముగిసిన పిమ్మట ఆ ద్వీపములకు చెందిన తుపాయియా అను పండితుడు ఓడ ఎక్కెను. అతడు పూజారి, దూరపు ద్వీపముల దారులన్నియు నోటికి వచ్చిన నావికుడు. నక్షత్రములను, అలలను చూచి దిక్కును చెప్పగలవాడు. అతనిని వెంటగొనిపోవుట యాత్రకు ఎంతటి మేలు చేయునో అప్పటికి ఎవరును ఊహింపలేదు.

కుక్‌వద్ద ప్రభుత్వము ఇచ్చిన రహస్యపు ఆజ్ఞలుండెను. దక్షిణమున ఒక మహాఖండము కలదని ఐరోపా పండితులు చాలకాలముగా నమ్ముచుండిరి. దానిని వెదకుమనియు, కనబడనిచో పడమటికి తిరిగి న్యూజిలాండు తీరమును పరిశీలింపుమనియు ఆ ఆజ్ఞలలో నుండెను. డచ్చి నావికుడైన టాస్మన్ 1642వ సంవత్సరమున న్యూజిలాండు పడమటి తీరమును కొంతవరకు చూచి పోయియుండెను. అది ద్వీపమో, మహాఖండపు కొసయో ఐరోపావారు ఎరుగరు. కుక్ దక్షిణముగా చాలదూరము పోయి చూచెను. ఖండము కనబడలేదు. అంతట ఓడను పడమటికి త్రిప్పెను. 1769వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన నికొలస్ యంగ్ అను బాలుడు ఓడ కొయ్యపైనుండి న్యూజిలాండు నేలను మొదట చూచెను.

రెండు దినముల తరువాత కుక్ తూర్పుతీరములోని ఒక అఖాతమున దిగెను. అక్కడి జనులు మావోరీలు. క్రొత్తవారు వచ్చినపుడు ఆయుధములు త్రిప్పుచు ఎదురేగి, వచ్చినవారి ఉద్దేశమును పరీక్షించుట వారి ఆచారము. ఓడవారు దానిని యుద్ధప్రారంభమనుకొనిరి. తుపాకులు ప్రేలెను. మొదటి దినమున ఒకడు మరణించెను. మరునాడు తుపాయియా మాటాడగా మావోరీలు అతని మాటలను గ్రహించిరి. తహితి భాషయు, మావోరీ భాషయు ఒకే కుటుంబమునకు చెందినవి. అయినను నాడు కూడ తొందరపాటువలన మరల కాల్పులు జరిగి మరికొందరు ప్రాణములు కోల్పోయిరి. తన ప్రవర్తన దయగల మనుష్యులు మెచ్చునది కాదని కుక్ ఆ రాత్రి తన దినచర్యలో ఒప్పుకొనెను. కావలసిన ఆహారమేదియు దొరకనందున ఆ చోటునకు దరిద్రపు అఖాతమను అర్థమిచ్చు పేరు పెట్టి వెడలిపోయెను. అక్కడివారికి ఆ చోటు అంతకుముందే పేరు గలది, పంటలు గలది.

పిమ్మట ఆరు నెలలపాటు కుక్ న్యూజిలాండు చుట్టును తిరిగి, సుమారు 2,400 మైళ్ల తీరమును కొలిచెను. గాలి ఎదురైనను, అలలు లేచినను కొలత మానలేదు. 1770వ సంవత్సరము జనవరి నెలలో ఒక కొండనెక్కి చూడగా తూర్పున మరియొక సముద్రము కానవచ్చెను. అంతవరకు అఖాతమని భావింపబడినది నిజముగా జలసంధి యని తేలెను. దానినే నేడు కుక్ జలసంధి యందురు. ఆ దేశము ఒకటి కాదు, రెండు పెద్ద ద్వీపములని అతడు నిరూపించెను. అతని పటములో తప్పులు లేకపోలేదు. ఒక ద్వీపకల్పమును ద్వీపముగాను, దక్షిణాన గల స్టూవర్టు ద్వీపమును ప్రధానభూమికి అంటియున్నట్లుగాను చూపెను. అయినను ఆ పటము ఎంత చక్కనిదనగా, తరువాతి కాలపు నావికులు చాలకాలము దానినే నమ్మి ఓడలు నడిపిరి.

ఆ తీరమునుండి అతడు చూచిన నేల ఎట్టిది? ఉత్తరద్వీపమున మంచుటోపి ధరించిన తరనాకి అను అగ్నిపర్వతము 2,500 మీటర్లకు మించిన ఎత్తున నిలిచియుండెను. దక్షిణద్వీపమున పర్వతశ్రేణి ఒక గోడవలె సాగిపోవుచుండెను. ఆ శ్రేణిలోని అత్యున్నత శిఖరము 3,724 మీటర్ల ఎత్తు గలది. దానికి తరువాత కుక్ పేరు పెట్టిరి. మావోరీలు దానిని అయోరాకి యందురు. న్యూజిలాండు వయస్సున చిన్నదగు భూమి. భూమి పై పొరలోని రెండు మహాఫలకములు ఒకదానినొకటి ఒరయు చోట అది యున్నది. కనుకనే అక్కడ అగ్నిపర్వతములు, వేడినీటి ఊటలు, భూకంపములు కలవు. పడమటి గాలులు తెచ్చు మేఘములు పర్వతములకు తగిలి దక్షిణద్వీపపు పడమటి తీరమున కుండపోతగా కురియును. పర్వతములకు తూర్పున గల మైదానములకు వాన తక్కువ. ఆ నేల ఇతర భూభాగములనుండి సుమారు ఎనిమిది కోట్ల సంవత్సరముల క్రిందట విడిపోయినది. అందుచే మనుష్యులు వచ్చునప్పటికి గబ్బిలములు తప్ప నేలపై బ్రదుకు క్షీరజంతువులు అక్కడ లేవు.

మావోరీల పూర్వులు సుమారు ఏడువందల సంవత్సరముల క్రిందట తూర్పు పాలినీషియా ద్వీపములనుండి పెద్ద దోనెలపై సముద్రము దాటి వచ్చినవారు. వారు చిలగడదుంపలు పండించిరి, చేపలు పట్టిరి, కొండకొనలపై కందకములు త్రవ్వి పా అను కోటలు కట్టుకొనిరి. తుపాయియా తోడ్పాటువలన కుక్ వారితో మాటాడగలిగెను. మాట కుదిరినచోట వర్తకము సాగెను, స్నేహమును కలిగెను. తుపాయియా పేరు దేశమంతట వ్యాపించెను. ఆ ఓడ తుపాయియాదే యని తలచిన మావోరీలు పలువురు.

1770వ సంవత్సరము మార్చి నెలాఖరున ఎండెవర్ న్యూజిలాండును విడిచి పడమటికి సాగెను. ఏప్రిల్ మూడవ వారమున ఆస్ట్రేలియా ఆగ్నేయతీరము కనబడెను. ఆ ఖండపు పడమటి, ఉత్తర తీరములను డచ్చివారు ముందే చూచియుండిరి. తూర్పుతీరమును చూచిన ఐరోపావాడు అంతవరకు లేడు. ఏప్రిల్ 29వ తేదీన కుక్ ఒక అఖాతమున దిగెను. అక్కడి మొక్కలు బ్యాంక్సునకు అపూర్వముగా తోచుటచే దానికి బోటనీ బే అను పేరు కలిగెను. ఒడ్డున ఇద్దరు మనుష్యులు ఈటెలు పట్టుకొని నిలిచి, దిగవద్దని సైగ చేసిరి. వెనుక ముప్పదినలుబది మంది ఆయుధధారులున్న పడవలకు ఆ ఇద్దరే అడ్డుపడిరి. తుపాయియా మాటాడి చూచెను. కాని ఇక్కడ అతని మాట ఒక్కటియు ఎవరికిని తెలియలేదు. చిన్న గుండ్లతో తుపాకి కాల్చి వారిని తరిమి, కుక్ ఒడ్డుననున్న ఈటెలను ప్రోగుచేసి ఓడకు చేర్చెను. గుడిసెలో పూసలను ఉంచి వచ్చెను. మరునాడు చూడగా ఆ పూసలు ఉంచినచోటనే యుండెను. వాటిని ముట్టినవారు లేరు.

ఈ దేశము న్యూజిలాండువంటిది కాదు. అక్కడి కొండలు కాలముచేత అరిగి కురుచబారినవి. ఖండములన్నింటిలో ఇదియే మిక్కిలి పల్లపుది. దీని ప్రధానభూమిపై ఎత్తైన శిఖరము 2,228 మీటర్లు మాత్రమే. ఫలకము నడుమ నెలకొనియుండుటచే మండు అగ్నిపర్వతములు ప్రధానభూమిపై లేవు. తూర్పుతీరము వెంబడి కొండల వరుస సాగుచుండును. సముద్రపు తేమగాలి ఆ కొండలకు తగిలి తీరమున వాన కురిపించును. లోనికి పోయినకొలది నేల ఎండి, చివరకు ఎడారి యగును. తీరమును విడువని కుక్ ఎడారిని చూడలేదు. పచ్చని అంచును మాత్రమే చూచెను.

ఉత్తరముగా పోవు మార్గమున అతనికి తెలియని ఆపద ఒకటి పొంచియుండెను. ఆ తీరమునకు దూరముగా 2,300 కిలోమీటర్ల పొడవున పగడపు దిబ్బలు వ్యాపించియున్నవి. అవి కోట్లకొలది చిన్న ప్రాణులు కట్టిన గోడలు. జూన్ 11వ తేదీ రాత్రి, వెన్నెలలో, ఎండెవర్ ఒక దిబ్బకు తగిలి ఆగిపోయెను. అడుగున నీరు చొరబడసాగెను. ఒడ్డు చాలదూరము. అందరు ఎక్కుటకు పడవలు చాలవు. కుక్ తొట్రుపడలేదు. ఆరు ఫిరంగులను, ఇనుపదిమ్మెలను, పాడైన సరకులను సముద్రమున పారవేయించి ఓడను తేలికపరచెను. అధికారులు, పండితులు, కళాసీలు అను భేదము లేక అందరును వంతులవారిగా నీరు తోడిరి. దాదాపు ఒక పగలు, ఒక రాత్రి గడచిన పిమ్మట పోటువేళ ఓడ కదలెను. ఊలును నారపీచును కుట్టిన తెరచాపను ఓడ అడుగునకు చుట్టి రంధ్రమును కప్పిరి. ఒక నదీముఖమున ఓడను ఒడ్డునకు లాగి చూడగా, పగడపు ముక్క యొకటి ఆ రంధ్రములోనే చిక్కుకొని నీటిని కొంతవరకు అడ్డగించినట్లు తెలిసెను.

ఆ నదీతీరమున వారు దాదాపు ఏడు వారములుండిరి. ఆ నేల గూగు ఇమిథిర్ అను జాతివారిది. ఓడవారు వారినుండి నూటయేబదికి పైగా మాటలు వ్రాసికొనిరి. కంగారు అను పేరు ప్రపంచమునకు వారి భాషనుండియే వచ్చినది. ఒకనాడు కొందరు ఓడపైకి వచ్చి, అక్కడ పట్టియుంచిన పెద్ద తాబేళ్లను చూచిరి. అవి తమ నీటిలోనివి. ఒక్కటి ఇమ్మని అడిగిరి. ఓడవారు ఇయ్యలేదు. కోపించి వారు ఒడ్డునకు పోయి ఎండుగడ్డికి నిప్పుపెట్టిరి. కుక్ తుపాకి కాల్చగా ఒకడు గాయపడెను. ఇక రక్తపాతము తప్పదనిపించు సమయమున ఒక వృద్ధుడు మొన విరిచిన ఈటెను చేతబట్టి ముందునకు వచ్చెను. కుక్ ఆగెను. మాట తెలియకున్నను ఆ సైగ అతనికి తెలిసెను. ఇరుపక్షములవారును నేలపై కూర్చుండిరి. ఈటెలను చెట్టునకు చేర్చిరి. ఆ సంధిని అక్కడి ప్రజలు నేటికిని స్మరించుచుందురు.

ఆ జనులను ఐరోపావారు చాలకాలము హీనులని తలచిరి. కుక్ అట్లు తలపలేదు. వారికి అవసరమైనదంతయు నేలయు సముద్రమును ఇచ్చుచున్నవనియు, అందుచే వారు ఐరోపావారికంటె సుఖముగా నున్నారనియు తన దినచర్యలో అభిప్రాయపడెను. వారి పూర్వులు యాభైవేల సంవత్సరములకు పైగా ఆ ఖండమున జీవించుచుండిరని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 250కి మించిన భాషలు వారికుండెను. ఏ నేలను ఎప్పుడు తగులబెట్టినచో క్రొత్తగడ్డి మొలచునో, ఏ బండ క్రింద నీరు నిలుచునో వారెరిగిన విద్య.

అయినను 1770వ సంవత్సరము ఆగష్టు 22వ తేదీన, ఉత్తరపు కొసనున్న ఒక చిన్న ద్వీపమున జెండా ఎత్తి, ఆ తూర్పుతీరమంతయు బ్రిటిషు రాజునకు చెందినదని కుక్ ప్రకటించెను. జనులున్న చోట వారి సమ్మతితోనే అట్లు చేయవలెనని అతనికిచ్చిన ఆజ్ఞలలో నుండెను. అతడు ఎవరి సమ్మతిని అడుగలేదు. న్యూజిలాండులోను అంతకుముందు జెండాలు ఎత్తెను. కాని అక్కడ ఒక వృద్ధునితో తుపాయియా ద్వారా మాటైనను మాటాడెను. ఇక్కడ అదియు లేదు. ఏడు వారములు ఆ జనుల నడుమ బ్రదికి, వారి నేల వారిదని కన్నులార చూచినవాడు ఈ ఒక్క పనిలో తాను చూచినదానిని మరచెను.

తిరుగు ప్రయాణమున బటేవియా రేవులో ఓడను బాగుచేయించుచుండగా జ్వరములు, రక్తవిరేచనములు వ్యాపించెను. అంతవరకు కుక్ తన మనుష్యులను శుభ్రతవలనను, పులియబెట్టిన క్యాబేజీ, తాజాకూరలు తినిపించుటవలనను స్కర్వీ వ్యాధినుండి కాపాడియుండెను. ఈ క్రొత్త వ్యాధులకు అతనివద్ద మందు లేకపోయెను. తుపాయియా అక్కడనే మరణించెను. గ్రీన్, పార్కిన్సన్ మొదలైనవారు సముద్రముపై మరణించిరి. 1771వ సంవత్సరము జూలైలో ఎండెవర్ ఇంగ్లండు చేరెను.

మరుసటి సంవత్సరమే కుక్ రెండవ యాత్రకు బయలుదేరెను. ఈసారి రేఖాంశమును తెలిసికొనుటకు సముద్రముపై కాలము తప్పని గడియారము అతనివద్ద నుండెను. 1773వ సంవత్సరము జనవరి 17వ తేదీన అతని ఓడలు అంటార్కిటిక్ వలయమును దాటెను. అంతకుముందు దానిని దాటిన ఓడ చరిత్రకు తెలియదు. మంచుకొండల నడుమ మరుసటి ఏడు 71 డిగ్రీల దక్షిణ అక్షాంశము దాటి పోయి, పండితులు కలలుగన్న సారవంతమైన దక్షిణఖండము లేదని తేల్చెను.

ఆ యాత్రలో రెండవ ఓడ కుక్ ఓడనుండి విడిపోయి ఒంటరిగా న్యూజిలాండున నిలిచెను. అప్పుడు ఒక కయ్యమున దాని మనుష్యులు పదిమంది మావోరీలచే చంపబడిరి. 1777వ సంవత్సరమున మూడవ యాత్రలో కుక్ ఆ చోటికి మరల వచ్చెను. ప్రతీకారము తప్పదని నావికులు ఆశించిరి. మావోరీలును భయపడిరి. కుక్ మై అను పసిఫిక్ ద్వీపవాసిని దుబాసీగా పెట్టుకొని, జరిగినదానిని ఓపికగా విచారించెను. ఆహారము గూర్చిన చిన్న జగడము నావికుల తొందరపాటువలన కయ్యముగా మారెనని గ్రహించెను. నాటి పోరున ముఖ్యుడైన కహూరా అను నాయకుడు స్వయముగా ఓడపైకి వచ్చెను. ఇతర మావోరీలే అతనిని చంపుమని కుక్‌ను కోరిరి. కుక్ చంపలేదు. కహూరా కోరికపై అతని చిత్రమును గీయించి, క్షేమముగా పంపివేసెను. ఇది పిరికితనమని నావికులలో కొందరు గొణుగుకొనిరి. కుక్ జీవితములోని ధీరకార్యములలో ఇది మొదటి వరుసలోనిది.

ఆ ఓపిక చివరివరకు నిలిచినచో అతని కథ మరియొక విధముగా ముగిసియుండెడిది. ఉత్తర అమెరికాకు పైనుండి మార్గము వెదకి, మంచు అడ్డగింపగా అతడు హవాయి ద్వీపములకు వచ్చెను. ఏండ్ల తరబడి సముద్రముపై గడపిన అలసటచే అతనికి కోపము హెచ్చినదని వెంటనున్నవారు వ్రాసియున్నారు. 1779వ సంవత్సరము ఫిబ్రవరిలో అక్కడ అతని పడవ ఒకటి దొంగిలింపబడెను. దానిని రాబట్టుటకు ఆ ద్వీపపు రాజును పట్టి తెచ్చి ఓడలో ఉంచవలెనని కుక్ ఒడ్డునకు పోయెను. జనులు గుమికూడిరి. కాల్పులు జరిగెను. ఫిబ్రవరి 14వ తేదీన కెలాకెకువా అఖాతపుటొడ్డున కుక్ చంపబడెను. అతనితో నలుగురు సైనికులును, ద్వీపవాసులు అనేకులును మరణించిరి. అతని భార్య ఎలిజబెత్ ఆరుగురు బిడ్డలను పోగొట్టుకొని, 93 ఏండ్లు జీవించి, 1835వ సంవత్సరమున మరణించెను.

కుక్ గీచిన పటముల వెనుక ఓడలు వచ్చెను. 1788వ సంవత్సరము జనవరిలో పదునొకండు ఓడలు ఇంగ్లండునుండి ఖైదీలను తెచ్చి సిడ్నీ రేవున దింపెను. ఆస్ట్రేలియా నేల ఎవరికిని చెందనిదను భావముతో అక్కడి మూలవాసులతో ఎట్టి సంధియు చేసికొనలేదు. న్యూజిలాండున 1840వ సంవత్సరమున వైతాంగి అనుచోట మావోరీ నాయకులతో సంధి కుదిరెను. దాని ఇంగ్లీషు ప్రతియు మావోరీ ప్రతియు ఒకే అర్థమును ఇయ్యలేదు. యుద్ధములు జరిగెను. మావోరీలు భూములను పోగొట్టుకొనిరి. అయినను వ్రాతపూర్వకమైన మాట యొకటి మిగిలెను. దానిని ఆధారముగా గొని 1975వ సంవత్సరమున ప్రభుత్వము ఒక న్యాయమండలిని ఏర్పరచెను. 1987వ సంవత్సరమున మావోరీ అధికారభాష అయ్యెను. ఆస్ట్రేలియాలో అట్టి ఆధారము లేనందున, ఆ నేల మూలవాసులకు చెందియుండెనని అత్యున్నత న్యాయస్థానము అంగీకరించుటకు 1992వ సంవత్సరము వరకు వేచియుండవలసివచ్చెను.

నేడు ఆస్ట్రేలియాలో రెండుకోట్ల అరువది లక్షలకు మించిన జనులున్నారు. వారిలో అత్యధికులు కుక్ చూచిన పచ్చని అంచుననే, సముద్రమునకు చేరువగా నగరములలో నివసింతురు. లోపలి విశాలభూమిలో గనులు, పశువులమేత భూములు, ఎడారులు ఉన్నవి. న్యూజిలాండు జనసంఖ్య ఏబదిలక్షలకు కొంచెము మించినది. వారిలో నాలుగింట మూడువంతులు ఉత్తరద్వీపముననే యున్నారు. పాడి, గొర్రెలు, తోటలు ఆ దేశపు సంపద. కొండలనుండి దుముకు నదులు అక్కడ విద్యుత్తునకు ఆధారము.

ఆ మొదటి దినముల గాయములు కూడ ఇంకను మరపునకు రాలేదు. 2019వ సంవత్సరమున కుక్ మొదట దిగిన న్యూజిలాండు తీరమున బ్రిటిషు ప్రభుత్వ ప్రతినిధి మావోరీల ఎదుట నిలిచి, నాటి మరణములకు విచారము తెలిపెను. 1770వ సంవత్సరమున బోటనీ బే ఒడ్డునుండి కుక్ తీసికొనిపోయిన ఈటెలలో నాలుగు ఇంగ్లండులోని ఒక కళాశాలలో భద్రపరుపబడియుండెను. 2024వ సంవత్సరమున అవి ఆ జనుల సంతతివారికి తిరిగి అప్పగింపబడెను.

సీసపు గుండును నీటిలో విడిచి కుక్ కొలిచిన లోతులను తరువాతి నావికులు నమ్మిరి. అట్టి శ్రద్ధతో మనుష్యుల మనస్సును కూడ కొలువవలసియుండెను. మొన విరిగిన ఈటె ఎదుట ఆగిననాడును, కహూరాను విడిచిపెట్టిననాడును అతడు ఆ పనిని చేసెను. జెండా ఎత్తిననాడును, హవాయి ఒడ్డున దిగిననాడును చేయలేదు. పటమునందలి తప్పులను తరువాతివారు కొన్ని ఏండ్లలో దిద్దుకొనిరి. మనుష్యుల విషయమున జరిగిన తప్పులను దిద్దుట మాత్రము ఆ రెండు దేశములలోను నేటికిని సాగుచునేయున్నది.